2017 ముస్టాంగ్ జీటీపై 6,000 తగ్గింపా, 2018 కోసం ఆగడమా?

2018 మోడల్ ఇంకా రాని రోజుల్లో, డీలర్ 2017 ముస్టాంగ్ జీటీ (ఫోర్డ్ స్పోర్ట్స్ కారు)పై 6,000 డాలర్లు తగ్గిస్తానంటే కొనాలా, ఆగాలా అన్న ప్రశ్నకు ఇది జవాబు. మీకు కావలసింది మాన్యువల్ గేర్లా, ఆటోమేటికా అన్నదాన్ని బట్టే నా జవాబు మారుతుంది. ఆటోమేటిక్ అయితే ఆగండి. 2017లో 6 గేర్లు, 2018లో 10. గేర్ల మధ్య ఎడం తగ్గడంతో ఇంజన్ ఎక్కువసేపు బలమున్న ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దగ్గరే ఉంటుంది. 435 నుంచి 460కి పెరిగిన హార్స్‌పవర్ కన్నా ఈ తేడాయే ఎక్కువ తెలుస్తుంది. మాన్యువల్‌కీ 2018లో రెండు ప్లేట్ల క్లచ్ ఇచ్చారు గానీ, దానికోసం 6,000 డాలర్లు వదులుకోమని నేను చెప్పను.

ఇక ఆ 6,000 సంగతి. స్టిక్కర్ ధర (కంపెనీ బండి మీద అతికించే ధర) మీద తగ్గింపు వినడానికి బాగుంటుంది. పన్ను, డాక్యుమెంట్ ఫీజు, అంటగట్టిన యాక్సెసరీలు అన్నీ కలిపిన తుది ధర రాతపూర్వకంగా అడగండి. రిబేటు (నగదు తగ్గింపు), సున్నా వడ్డీ అప్పు చాలాసార్లు రెండూ కలిపి ఇవ్వరు. 30,000 డాలర్ల అప్పు, 60 నెలలు, బయట బ్యాంకు వడ్డీ 5 శాతం అనుకుంటే, రిబేటు సుమారు 3,500 దాటితేనే సున్నా వడ్డీ కన్నా లాభం.

డీలర్ దగ్గర నెలల తరబడి నిలిచిన బండి అయితే తలుపు ఫ్రేమ్ మీద తయారీ నెల చూడండి, బ్యాటరీ పరీక్ష చేయించండి, ఒకేచోట నిలిచి టైర్లు చదునుబడ్డాయేమో హైవే వేగంలో గమనించండి. డెమో బండా (టెస్ట్ డ్రైవ్‌లకు వాడిందా) అనీ అడగండి: వారంటీ గడియారం అప్పటికే మొదలై ఉండొచ్చు.

రెండు మూడేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే 2018 వైపే మొగ్గండి. పాత మోడల్ సంవత్సరం, పాత ఇంజన్ రెండూ రీసేల్‌లో కోతే.