కుర్రాళ్ళ పాటలోకి వెళ్తున్నావు కదా తమ్ముడూ

తమ్ముడూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. ఏడు నిమిషాల మెసేజ్‌లో ఆరు నిమిషాలు నువ్వు గిటారు వాయించబోయే పాట తాలూకు ఆ కుర్రాడి మీద ఫిర్యాదే. ర్యాప్ చేసేవాడికి ఇరవై నాలుగేళ్ళు, పాడే అమ్మాయి పాలమూరు జానపదం తప్ప ఇంకోటి ముట్టనంటోంది, నీకేమో యాభై మూడు నిండాయి, పెడల్ మీంచి కాలు తీయడం నీకు రాదు. చివర్లో ఒక్క ముక్క అడిగావు, "వీళ్ళతో నాకు కుదురుతుందా అన్నా" అని. కుదురుతుందిరా. వాళ్ళకి నీతో కుదరడమే కొంచెం కష్టం, అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

ముందు నా పరువు నేనే తీసుకుంటాను. ఏడెనిమిదేళ్ళ కిందట ఒక కుర్రాడు, పేరెందుకులే, తన పాటలో గిటారు కావాలని పిలిచాడు. స్టూడియో అంటే ఏదో ఊహించుకుని వెళ్తే అది ఫ్లాట్‌లో ఒక బెడ్‌రూమ్, గోడలకి నల్ల ఫోమ్, మంచం మీద లాప్‌టాప్. నేను యాంప్ మోసుకుని మూడంతస్తులు ఎక్కి వగరుస్తుంటే "యాంప్ అక్కర్లేదు అంకుల్, డైరెక్ట్‌గా లైన్ ఇచ్చేయండి" అన్నాడు. అక్కడే సగం కాలింది నాకు. బీట్ పెట్టాడు, పదహారు బార్లు, అంటే పదహారు ఆవర్తాల చోటు, ఇచ్చాడు, నేను పదహారూ నింపేశాను. సికింద్రాబాద్‌లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ డాన్సులకి వాయించిన రోజుల నుంచి నేర్చుకున్నదంతా ఆ నలభై సెకన్లలో కక్కేశాను. "సూపర్ అంకుల్" అన్నాడు. నెల తర్వాత పాట వచ్చింది, అందులో నా సోలో లేదు. రెండో టేక్‌కి ముందు హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ వస్తోందా లేదా చూసుకోడానికి తీగల మీద అరచెయ్యి ఆనించి చక్‌చక్‌మని గీకాను చూడు, అది పట్టుకుని పాట పొడుగునా తిప్పాడు. రెండు నెలలు వాడి ఫోన్ ఎత్తలేదు నేను.

తర్వాత మా మేనకోడలి పెళ్ళి బరాత్‌లో అదే పాట పెట్టారు. డీజే బాక్సుల ముందు జనం సరిగ్గా ఆ గీకుడు దగ్గరే భుజాలు ఎగరేస్తున్నారు. పక్కన షేర్వాణీలో చెమటలు కారుస్తూ నిలబడి చూశాను. నా సోలో ఉండుంటే అందరూ మంచినీళ్ళకి వెళ్ళిపోయేవాళ్ళు.

కాబట్టి నీకు చెప్పేది ఇదే, మొదటి రోజు నింపకు. వాళ్ళ బీట్‌లో ఖాళీ కనపడితే అది నీకోసం వదిలింది అనుకోకు, చాలాసార్లు అది ఆ ర్యాపర్ ఊపిరి తీసుకునే చోటు. ఒకటికి రెండుసార్లు ఊరికే విను. మూడోసారి ఒక్క తీగ మీటు. ఇది నీకు చెప్పడం తేలిక, చెయ్యడం ఎంత నరకమో నాకు తెలుసు, ఎందుకంటే మనం పెరిగిందే ఎనిమిది నిమిషాల పాటలో మూడు నిమిషాల సోలో వింటూ. వీళ్ళ పాట మొత్తం రెండున్నర నిమిషాలు ఉంటే గొప్ప.

పెద్దపెద్దవాళ్ళకే ఇలా జరిగింది. అమెరికా రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ వాళ్ళ 'వాక్ దిస్ వే' 1975 నాటి పాట. న్యూయార్క్‌లో రన్-డీఎంసీ అనే ర్యాప్ బృందం కుర్రాళ్ళకి ఆ బ్యాండ్ ఎవరో పెద్ద పట్టింపు లేదు, ఆ రికార్డు మొదట్లో వచ్చే డ్రమ్ బీటే వాళ్ళకి కావాలి. పాట మొదలయ్యేలోపు రికార్డుని వెనక్కి తిప్పేసి, ఆ బీట్‌నే మళ్ళీమళ్ళీ మోగించి దాని మీద ర్యాప్ చేసుకునేవాళ్ళు. పాట మొత్తం చేద్దాం, ఆ బ్యాండ్ వాళ్ళనే పిలుద్దాం అన్నది ప్రొడ్యూసర్ రిక్ రూబిన్. అది 1986, ఏరోస్మిత్ గాయకుడు స్టీవెన్ టైలర్‌కి 38, బ్యాండ్ పరిస్థితి ఏమంత బాలేదు. ఇప్పుడు నీ మీదకి తెచ్చుకుని ఆలోచించు: నువ్వు గొంతెత్తక ముందు వచ్చే నాలుగు సెకన్లే నీ పాటలో అవతలివాడికి పనికొచ్చాయట! ఆ మాట చెవినపడ్డాక మనలో ఎంతమందిమి స్టూడియో మెట్లెక్కుతాం? టైలర్, వాళ్ళ గిటారిస్టు జో పెర్రీ ఎక్కారు. వాళ్ళు సొంతంగా పాడినప్పుడు అమెరికా చార్టులో 10 దగ్గర ఆగిన పాట, ఈ కుర్రాళ్ళతో 4 దాకా వెళ్ళింది. వీడియోలో టైలర్ మైక్ స్టాండ్‌తో రెండు గదుల మధ్య గోడ పగలగొడతాడు, అందరూ దాని గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ డ్రమ్ బీట్ సంగతే గుర్తుంటుంది.

ఇంకో పని, రికార్డింగ్ కంటే ముందు చెయ్యాల్సింది. ఆ అమ్మాయి ఎక్కడైనా పాడుతుంటే వెళ్ళి వెనక వరసలో కూర్చో. జాతరో, బతుకమ్మో, ఎవరింట్లోనో పెళ్ళో, ఏదైనా సరే. ఫోన్ తీయకు, వీడియో తీస్తే వినలేవు. ఇంగ్లండ్ రాక్ గాయకుడు డేవిడ్ బౌవీ అంతటివాడు 2014లో న్యూయార్క్ గ్రీనిచ్ విలేజ్‌లో 55 బార్ అనే చిన్న చోటుకి వెళ్ళి, తనకంటే బాగా చిన్నవాళ్ళయిన డానీ మెక్‌కాస్లిన్ జాజ్ బృందాన్ని కూర్చుని విన్నాడు. మరుసటి ఏడాది వాళ్ళతోనే 'బ్లాక్‌స్టార్' ఆల్బమ్ రికార్డు చేశాడు. రాక్ వాళ్ళని తెచ్చి జాజ్‌లా వాయించండి అని చెప్పొచ్చు కదా, చెప్పలేదు. ఆ ఆల్బమ్ 2016 జనవరి 8న ఆయన 69వ పుట్టినరోజుకి వచ్చింది, రెండు రోజులకి మనిషి పోయాడు. అంత జబ్బులో కూడా కొత్తవాళ్ళ చేతుల్లో తన పాట పెట్టాడంటే, నీకూ నాకూ నడుంనొప్పి ఒక సాకా?

శ్రుతి దగ్గర నువ్వు కచ్చితంగా గొడవ పెట్టుకుంటావు, నాకు తెలుసు. ఆ అమ్మాయి పాడే శ్రుతి గిటారుకి హాయిగా ఉండే E లోనో A లోనో ఉండదు, ఏ రెండిటి మధ్యో ఉంటుంది. "కొంచెం దించి పాడమ్మా" అన్నావో, పాట అక్కడే చచ్చిపోతుంది, ఎందుకంటే ఆ గొంతు బిగువంతా ఆ ఎత్తులోనే ఉంది. నువ్వే తీగలు సడలించుకో, లేదా గిటారు మెడకి బిగించే క్లిప్పు, ఆ కేపో పెట్టుకో. డప్పు సంగతి ఇంకా జాగ్రత్త. తీన్‌మార్ నడక మీద నీ అలవాటు కొద్దీ నాలుగేసి దెబ్బల రాక్ గిటారు పవర్ కార్డ్స్ వేస్తే రోడ్డు రోలర్ ఎక్కించినట్టే, ఆ ఊగు మొత్తం చదునైపోతుంది. డప్పు కొట్టేవాడి కర్రల వంక చూస్తూ ఒక అరగంట చేతులు కట్టుకుని కూర్చో.

దీనికి మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ ఉన్నాడు కదా, ఆయన కథే చాలు. ఇంగ్లండ్ గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 1942లో పుట్టాడు, శ్రీనివాస్ 1969లో. ఇరవై ఏడేళ్ళ తేడా. ఈ మెక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బ్యాండులో చెవులు గింగురుమనేలా వాయించిన మనిషి. అలాంటివాడు 1970ల్లోనే వీణ పాఠాలు నేర్చుకుని, మన సంగీతాన్ని జాజ్‌తో కలిపిన శక్తి బృందం కోసం గిటారునే వేరేగా చేయించుకున్నాడు: ఫ్రెట్‌కీ ఫ్రెట్‌కీ మధ్య చెక్కని గుంటలుగా తొలిపించాడు, వేలు నొక్కి లాగితే గమకం పలకాలని. ఇటు శ్రీనివాస్ కూడా తక్కువవాడా, మాండలిన్‌కి ఉండే జంట తీగలు పక్కనబెట్టి ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద త్యాగరాజ కీర్తన పలికించాడు. ఇద్దరూ వాయిద్యాన్నే వంచుకుని వచ్చారు కాబట్టి తర్వాత వచ్చిన రిమెంబర్ శక్తి బృందంలో ఎదురెదురుగా కూర్చోగలిగారు. 2001లో వచ్చిన వాళ్ళ బొంబాయి లైవ్ ఆల్బమ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను, శ్రీనివాస్ ఎత్తుకున్నప్పుడు గిటారు ఎక్కడెక్కడ ఆగిందో లెక్కపెట్టు. నలభై అయిదేళ్ళకే పోయాడు మహానుభావుడు, ఇప్పటికీ మనసు ఒప్పుకోదు.

కోరస్‌లో నిన్ను కూడా పాడమన్నారని చెప్పావు. పాడు, కానీ ఆమె లైన్ కింద పాడు, ఒకసారి పాడినట్టే ప్రతిసారీ పాడు. లెడ్ జెపెలిన్ రాక్ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 2007లో ఆలిసన్ క్రాస్‌తో ఆల్బమ్ చేశాడు, ఆమె బ్లూగ్రాస్ అనే అమెరికా జానపద బాణీ మనిషి, ఆయన కంటే 23 ఏళ్ళు చిన్న. జీవితమంతా ముందు నిలబడి పాటని తన ఇష్టానికి లాగినవాడు, అరవైకి దగ్గర పడ్డాక పక్కన నిలబడి హార్మొనీ పాడటం నేర్చుకోవాల్సి వచ్చింది, ఆ మాట ఆయనే చెప్పుకున్నాడు. ఆ డిసెంబర్‌లోనే లండన్‌లో జెపెలిన్ మళ్ళీ కలిసి ఒక్క షో చేస్తే ప్రపంచమంతా టూర్ చెయ్యండని వెంటపడింది. ఆయన మాత్రం మరుసటి ఏడాది క్రాస్‌తో ఊళ్ళు తిరిగాడు. ఆ ఆల్బమ్‌కి 2009లో గ్రామీ ఆల్బమ్ ఆఫ్ ద ఇయర్ వచ్చింది, రాకపోయినా ఆయన చేసింది సరైన పనే అని నా అభిప్రాయం.

డబ్బు, పేరు. ఇది మొహమాటపడితే తర్వాత ఏడవాల్సిన చోటు. రికార్డింగ్‌కి ముందే వాట్సాప్‌లో రాసుకోండి, రిఫ్, అంటే తిరిగి తిరిగి వచ్చే గిటారు ముక్క, నీదైతే ట్యూన్‌లో నీ వాటా ఎంత, వాళ్ళు చెప్పింది వాయించడమే అయితే ఫీజు ఎంత, పేరు ఎక్కడ పడుతుంది. 2012లో కాపీరైట్ చట్టం మార్చాక రాసినవాడికీ ట్యూన్ కట్టినవాడికీ రాయల్టీలో వాటా ఉంటుంది, దాన్ని ఒక్క సంతకంతో కంపెనీకి రాసిచ్చేయడం కుదరదు, ఆ రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో నువ్వు ఇంకా చేరకపోతే ముందు ఆ పని చెయ్యి. అలాగని పెద్దరికం అడ్డుపెట్టుకుని వాళ్ళ వాటాలో చెయ్యి పెట్టకు. గిటారిస్టు శాంటానా 51 ఏళ్ళ వయసులో 1999లో కుర్రాళ్ళందరినీ పోగేసి చేసిన ఆల్బమ్‌కి ఆయనకే ఎనిమిది గ్రామీలు వచ్చాయి, కానీ అందులోని 'స్మూత్' పాటకి సాంగ్ ఆఫ్ ద ఇయర్ మాత్రం రాసిన ఇద్దరికి, ఇటాల్ షర్‌కీ రాబ్ థామస్‌కీ వెళ్ళింది. పన్నెండు వారాలు నంబర్ వన్‌లో ఉన్న పాట అది, అందులో గిటారు తీసేస్తే ఏముంది అని మనం వాదించొచ్చు. అయినా రాసినవాడు రాసినవాడే. ఆ అమ్మాయి పాడే పాట వాళ్ళ అవ్వ దగ్గర నేర్చుకుంది అన్నావు కదా, ఆ అవ్వ పేరూ ఊరి పేరూ కూడా కింద వేయించు. ఆ పిల్ల అడగలేదు, నువ్వు అడుగు. పెద్దవాడివి అయినందుకు నీకున్న పనికొచ్చే బలం అదొక్కటే.

చిల్లర సంగతులు కొన్ని. "మా రోజుల్లో" అనే మాట టీ బ్రేక్‌లో కూడా వద్దు, వాళ్ళే అడిగితే ఒక్క కథ చెప్పు, ఆ అబిడ్స్ కరెంటు పోయిన కథ వద్దు, అది నువ్వు చెప్పిన ప్రతిసారీ ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ పేలుతోంది. జుట్టుకి రంగు వేసుకుని, టోపీ తిప్పి పెట్టుకుని, "బ్రో" అంటూ వెళ్ళావంటే నేనే వచ్చి లాక్కొస్తా. అంకుల్ అంటే అననీ, ఒక రోజు కలిసి భోంచేశాక అదే "అన్నా" అవుతుంది. వాళ్ళు నీ ముక్క కోసేస్తే ఎందుకు కోశారో అడుగు, కోపంగా కాదు, నిజంగా తెలుసుకోడానికి. ఒక్కోసారి వాళ్ళదే తప్పవుతుంది, అది కూడా అప్పుడే చెప్పెయ్, ఇంటికెళ్ళి నాకు ఏడు నిమిషాల మెసేజ్ పెట్టకుండా.

నా పాత గిటారు వా పెడల్ అడిగావుగా, తుడిచి పెట్టాను. కాలు పెట్టినప్పుడల్లా కిర్రుమంటోంది, ఆ సౌండ్ నీ కుర్రాడికి నచ్చినా ఆశ్చర్యం లేదు. బ్యాటరీ మాత్రం నువ్వే కొనుక్కో. ఆదివారం పొద్దున్నే రా, మీ వదిన పెసరట్లు వేస్తానంది. వాడు పంపిన బీట్ ఫోన్‌లో పట్టుకురా, తింటూ విందాం. గిటారు తేకు.

మీ అన్న