రాతి తోట వేయబోతున్న మేనకోడలికి

కావలి

చి. సౌ. మాధవికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఒంగోలు ఇంటి ముందు రాతి తోట వేస్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మీ తరంలో మట్టి మీద మనసున్న పిల్ల ఒక్కతైనా ఉన్నందుకు ఎంత పొంగిపోయానో! ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. బాబు ఇప్పుడిప్పుడే పాకుతున్నాడు కదమ్మా.

నువ్వు తెప్పించాలనుకుంటున్న ఆబ్రీషియా ఆగ్నేయ ఐరోపా కొండల మొక్క. పాకే ఫ్లాక్స్ అమెరికా తూర్పు ప్రాంతానిది. చలికాలమంతా చలిలో గడిపితేనే అవి వసంతంలో రాయి కనపడకుండా పూస్తాయి. మనకు అంత చలి ఎక్కడిది? కార్తీకం ముసురుకు కుళ్ళగా మిగిలినవి రోహిణి ఎండకు మాడిపోతాయి. ఆ విత్తనాలకు డబ్బు పోయకు.

గడ్డిగులాబీ కొమ్మలు గుచ్చు. విష్ణుక్రాంత వెయ్యి. దాన్ని నువ్వు వినాయక చవితి పత్రిలోనే చూసి ఉంటావు. మన మెట్ట చేలగట్ల మీద వంగి చూడు: నేలకు అంటుకుని పాకే కొమ్మలు, ఆకుల మీద వెండి నూగు, పొద్దున్నే విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకునే గోరంత నీలి పువ్వు. అంత అందం కాళ్ళ దగ్గర పెట్టుకుని విదేశాల నుంచి తెప్పించడమెందుకు?

ఇక రాళ్ళ సంగతి నిదానంగా చదువు. మీ నాన్న కాలేజీలో చదివే రోజుల్లో ఈ పెరట్లోనే ఇలాంటి తోట వేశాడు. రాళ్ళు ఒకదాని మీద ఒకటి పేర్చి, సందుల్లో పైపైన మట్టి పోసి మొక్కలు నాటాడు. చూడముచ్చటగా ఉండేది. తుఫాను వానలకు ఆ మట్టి లోపలికి జారిపోయి రాళ్ళ కింద బొరియలు మిగిలాయి. పైకి ఏమీ తెలియలేదు. వేసవి వచ్చేసరికి మొక్కలు వాడిపోవడం మొదలైంది. పూటపూటా నీళ్ళు పోసేవాడు, పాపం. ఒక మొక్కను లాగి చూస్తే వేళ్ళు మట్టిలో లేవు, ఖాళీలో వేలాడుతూ ఎండు దారాల్లా ఉన్నాయి. ఆ సందులో మట్టి కూరుదామని చెయ్యి పెట్టాడు. తేలు కుట్టింది. ఒళ్ళంతా చెమటలు, కాళ్ళూ చేతులూ చల్లబడిపోయాయి. ఆసుపత్రిలో తెల్లవార్లూ మా అమ్మ వాడి అరికాళ్ళు రుద్దుతూ కూర్చుంది. నీకు ఈ సంగతి వాడు చెప్పి ఉండడు.

అందుకే రాయిని నేల మీద పెట్టి వదలకూడదు, మూడో వంతు పాతాలి. కాస్త వెనక్కి వాలిస్తే వాన నీరు వేరుకు అందుతుంది. రాయి కింద, వెనక కర్రతో మట్టి కూరి, నీళ్ళు పోసి, దిగిన చోట మళ్ళీ కూరించు. ఎక్కి నిలబడితే రాయి కదలకూడదు. పనివాళ్ళు తొందరపెడతారు, వినకు.

అడుగున ఇటుక ముక్కలు పరిపించు. పైన ఎర్రమట్టి ఒక పాలు, ముతక ఇసుక రెండు పాలు, చిన్న కంకర ఒక పాలు. మీ రేగడి నీళ్ళు పట్టి ఉంచుతుంది, వద్దు. చీమకుర్తి నల్లరాయి ముక్కలు చవకగా దొరుకుతాయని తెచ్చుకోకు. ఎండకు కాలి, ఆనుకున్న ఆకును మాడ్చేస్తాయి. లేత రంగు రాయి చూడు. సంక్రాంతి వెళ్ళాక నాటితే ఉగాదికి గడ్డిగులాబీ పూస్తుంది.

కలుపు తీసేటప్పుడు ముందు కర్రతో కదిలించి చూడు. బాబు అటు పోకుండా అడ్డు కట్టించు. విష్ణుక్రాంత విత్తనం నేనే ఏరి ఉంచాను. రాళ్ళు దింపే రోజు ఫోను చెయ్యి, పొద్దున రైలుకే వస్తాను. ఒక్కో రాయీ నేను ఎక్కి తొక్కి చూసేదాకా మొక్క నాటవద్దు.

ఆశీస్సులతో,
మీ అత్త