బలులు ఆగిపోయాయి, మరి బాకీలు?

ప్రశ్న: వందనాలండి. బైబిల్ మొత్తం చదవాలని ప్రతి జనవరిలో మొదలుపెడతాను. ఆదికాండం, నిర్గమకాండం బాగానే సాగిపోతాయి, లేవీయకాండంలోకి రాగానే ఆగిపోతాను. కొవ్వు, మూత్రగ్రంథులు, రక్తం చిలకరించడం... చదువుతుంటే మనసుకి ఇబ్బందిగా ఉంటుంది. క్రీస్తు మన కోసం ఒక్కసారే బలి అయ్యాడు కదా, మరి ఆ చట్టాలు ఇప్పుడు మనకెందుకు? వదిలేసి ముందుకెళ్తే తప్పా? ఇంకో సందేహం కూడా ఉంది. రక్తం చిందకుండా క్షమాపణ లేదంటారు, కానీ పిండి తెచ్చినవాడికి కూడా క్షమాపణ దొరికిందని లేవీయకాండంలోనే ఉంది. ఇదెలా?
– ఒక సోదరి

జవాబు: వదిలేయకండమ్మా. మీకు కలిగిన ఇబ్బంది తప్పేమీ కాదు, అసలు ఆ అధ్యాయాలు చదివి ఏ ఇబ్బందీ కలగకపోతేనే ఆలోచించాలి.

ముందుగా సూటిగా ఉన్న మాట చెప్పేస్తాను. మనం బలులు అర్పించాల్సిన పని లేదు. ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాన్ని తీసేయలేవని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం తేల్చి చెప్తుంది. అక్కడే ఇంకో మాట ఉంది, యాజకుడు రోజూ నిలబడి అవే బలులు మళ్లీ మళ్లీ అర్పిస్తూ ఉంటాడు, క్రీస్తు మాత్రం ఒక్క బలి అర్పించి కూర్చున్నాడు. దేవాలయానికి ముందు ఇశ్రాయేలీయులు ఆరాధించిన ప్రత్యక్షగుడారంలో బల్ల ఉంది, దీపస్తంభం ఉంది, ధూపవేదిక ఉంది, యాజకుడు కూర్చోవడానికి పీట మాత్రం లేదు, ఎందుకంటే ఆ పని ఎప్పటికీ పూర్తయ్యేది కాదు. క్రీ.శ. 70లో రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని కూల్చేశాక యూదులకు కూడా అక్కడ బలులు ఆగిపోయాయి.

అయితే ఆగిపోయినంత మాత్రాన అర్థం లేకుండా పోయినట్టు కాదు. లేవీయకాండం మొదటి అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. దహనబలి, అంటే బలిపీఠం మీద పూర్తిగా కాల్చేసే బలి, తెచ్చినవాడు పశువు తల మీద చెయ్యి ఉంచాలి. ఆ హెబ్రీ మాటకి ఊరికే తాకడం అని కాదు, బరువు మోపి ఆనుకోవడం అని అర్థం. అరచేతి కింద దాని వెచ్చదనం తెలుస్తుంది, ఊపిరి తెలుస్తుంది. తర్వాత దాన్ని వధించేది ఎవరనుకున్నారు? యాజకుడు కాదు, తెచ్చినవాడే. చర్మం ఒలిచి ముక్కలు చేయడం కూడా ఆ అధ్యాయం ప్రకారం అతని పనే. తన మంద నుంచి, ఏ లోపమూ లేనిదాన్ని ఏరి తెచ్చి, తన చేత్తోనే. పాపం అంటే నోటితో 'సారీ' అనేసి వెళ్లిపోయే సంగతి కాదని ఆ మనిషికి ఎవరూ ప్రసంగం చేయక్కర్లేదు.

కానీ నాకు అన్నిటికంటే గట్టిగా తగిలేది 6వ అధ్యాయం మొదటి ఏడు వచనాలు. అందరం గబగబా దాటేసే చోటు అది. ఒకడు పొరుగువాడు దాచమని ఇచ్చిన సొమ్ము కాజేశాడు, లేదా దోచుకున్నాడు, లేదా ఎవరో పోగొట్టుకున్నది దొరికితే దొరకలేదని ఒట్టేశాడు. ఇది తెలియక చేసిన పొరపాటు కాదు, తెలిసి చేసిన మోసం. అతను ఏం చేయాలి? తీసుకున్నదంతా తిరిగి ఇవ్వాలి, దానికి ఐదోవంతు కలిపి ఇవ్వాలి, ఎవరిదో వాళ్లకే ఇవ్వాలి, అదీ అపరాధపరిహారార్థబలిగా, అంటే చేసిన తప్పుకు పరిహారంగా, పొట్టేలును అర్పించే రోజునే. పొట్టేలు ఉంది కదా అని బాకీ ఎగ్గొట్టడానికి లేదు, అలాగని బాకీ తీర్చేశాను కదా పొట్టేలు ఎందుకు అనడానికీ లేదు. క్షమాపణను ఎవరూ డబ్బుతో కొనుక్కోలేరు, కానీ క్షమించమని అడగడానికి వచ్చినవాడి చేతిలో పక్కవాడి సొమ్ము ఉండకూడదు.

నా సంగతే చెబుతాను. చాలా ఏళ్ల క్రితం ఒకాయన దగ్గర కొంత డబ్బు తీసుకున్నాను. ఆయన అడగలేదు, నేనూ మర్చిపోయినట్టే ఉండిపోయాను. ప్రార్థనలో మాత్రం దాని గురించి ఎన్నిసార్లు 'ప్రభువా క్షమించు' అన్నానో లెక్కలేదు. ఈ వచనాలు చదివిన రోజు మాత్రం ప్రార్థన ముందుకు సాగలేదు. లెక్క వేసి, ఐదోవంతు కలిపి పట్టుకెళ్లాను. తలుపు తీసేదాకా ఒకటే టెన్షన్. ఆయన ఎక్కువ ఇచ్చిన డబ్బు వద్దన్నారు, అయినా బల్ల మీద పెట్టి వచ్చేశాను.

యేసు ప్రభువు దీన్నే ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. మత్తయి 5వ అధ్యాయంలో, బలిపీఠం దగ్గర అర్పణ అర్పిస్తుండగా నీ సహోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే దాన్ని అక్కడే విడిచిపెట్టి వెళ్లు, ముందు సమాధానపడు అన్నాడు. ఆ మాట చెప్పింది గలిలయలో, బలిపీఠం ఉన్నది యెరూషలేములో, మధ్య దూరం వంద కిలోమీటర్ల పైమాటే. వింటున్నవాళ్లలో ఎక్కువమందికి అది రోజుల తరబడి నడక, ఇంటికొచ్చి, ఆ మనిషితో మాట్లాడి, మళ్లీ అంత దూరమూ వెళ్లాలి. ఆయన ఆ సంగతి తెలిసే చెప్పాడని నా నమ్మకం.

ఇక పిండి సంగతి. మీరు చూసింది సరైనదే, లేవీయకాండం 5వ అధ్యాయం 11 నుంచి 13 వచనాలు. గొర్రెకు స్తోమత లేకపోతే రెండు గువ్వలు గానీ రెండు పావురపు పిల్లలు గానీ తేవాలి, అవి కూడా తేలేనివాడు ఏఫా అనే కొలతలో పదోవంతు, అంటే సుమారు 2 లీటర్ల గోధుమపిండి, నూనె, సాంబ్రాణి లేకుండా తేవాలి. అతనికీ క్షమాపణ కలుగుతుందని స్పష్టంగా ఉంది. హెబ్రీ 9:22 మళ్లీ చూడండి, రక్తం చిందకుండా క్షమాపణ లేదన్న మాట పక్కనే 'సామాన్యముగా చెప్పవచ్చును' అని ఉంటుంది. మనం ఆ వచనం చెప్పేటప్పుడు ఆ రెండు పదాలు వదిలేస్తుంటాం. అలాగని ఆ పేదవాడు రక్తంతో సంబంధం లేకుండా ఉన్నాడని కాదు, ఏటా ప్రాయశ్చిత్త దినాన (16వ అధ్యాయం) సమాజమంతటి కోసం అర్పించే బలిలో అతనికీ భాగం ఉంది. కానీ డబ్బు లేదన్న కారణంతో ఏ ఒక్కడినీ గుమ్మం దగ్గర నుంచి తిప్పి పంపలేదు, అది మాత్రం ఖాయం. బాలుడైన యేసును దేవాలయానికి తీసుకొచ్చినప్పుడు మరియ, యోసేపు అర్పించింది కూడా గొర్రెపిల్లను కాదు. ధర్మశాస్త్రం పేదవాళ్ల కోసం చెప్పిన ఆ పక్షుల జతే, లూకా 2:24లో చూడండి.

ఈసారి లేవీయకాండాన్ని 1వ అధ్యాయంతో మొదలుపెట్టకండి. ముందు 6వ అధ్యాయంలోని ఆ ఏడు వచనాలు చదివి, వెంటనే లూకా 19లో పన్ను వసూలుదారు జక్కయ్య కథ చదవండి. ఐదోవంతు చాలన్న చోట అతను నాలుగంతలు ఇస్తానని ఎందుకు లేచి నిలబడ్డాడో చూసి, ఆ తర్వాత మొదటికి రండి.