కుక్కల ట్రైనర్‌కి సర్టిఫికెట్ కావాలా?

ప్రశ్న: మాది విశాఖలో మురళీనగర్. పరవాడ ఫార్మా సిటీలో షిఫ్టు ఉద్యోగం. మా లాబ్రడార్‌కి అన్నీ నేనే నేర్పుకున్నాను. అది చూసి మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు ముగ్గురు వాళ్ళ కుక్కల్ని కూడా అప్పగించి డబ్బులిచ్చారు. ఉద్యోగం మానేసి ఇదే వృత్తిగా పెట్టుకుందామనుంది. ఆన్‌లైన్‌లో రెండు రోజుల కోర్సు చేస్తే సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు. ఫారిన్ సర్టిఫికెట్ లేకపోతే ఎవరూ నమ్మరని నా స్నేహితుడు అంటాడు. ఏదీ లేకుండా మొదలుపెడితే చట్టపరంగా చిక్కులొస్తాయా?

జవాబు: చట్టం సంగతి ముందు తేల్చేద్దాం. ఇంటి కుక్కలకి ట్రైనింగ్ ఇవ్వడానికి మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్సూ లేదు, రాయాల్సిన పరీక్షా లేదు. కేంద్రం తెచ్చిన 2017 నియమాలు కుక్కల్ని ఈనించి అమ్మేవాళ్ళకి, 2018 నియమాలు పెట్ షాపులకి. మీకు తగిలేది 1960 నాటి జంతు హింస నివారణ చట్టం. కుక్కని కొట్టి బాధపెడితే నేరమే, ట్రైనింగ్ కోసమే కొట్టానంటే చెల్లదు. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యం రిజిస్ట్రేషన్ ఉచితం, చేయించుకోండి. ఏడాదికి రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ. ఆ రోజు వచ్చినప్పుడు చూసుకోవచ్చు లెండి.

ఇక నమ్మకం. సీతమ్మధారలో నా పెట్ క్లినిక్‌కి వచ్చేవాళ్ళు మంచి ట్రైనర్ ఎవరైనా ఉంటే చెప్పండి మేడమ్ అని తరచూ అడుగుతారు. కొడతాడా, ఇంటికొస్తాడా, ఎంత తీసుకుంటాడు... ఈ మూడే వాళ్ళ ప్రశ్నలు. ఏం చదివాడని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. కాబట్టి మీ స్నేహితుడు చెప్పింది మన ఊళ్ళో అంతగా నిజం కాదు. గిరాకీ సర్టిఫికెట్ వల్ల రాదు, పక్కింటివాళ్ళు చెప్తే వస్తుంది.

కానీ నేను అడుగుతాను. ఎందుకో చెప్తాను. ఒకాయన జర్మన్ షెపర్డ్‌ని టీకాకి తెచ్చారు. మెడలోంచి స్టెతస్కోప్ తీయడానికి నేను చెయ్యెత్తానో లేదో, అది పొట్ట నేలకి ఆనించేసింది. తోక కాళ్ళ సందులో, చెవులు వెనక్కి, కంట్లో తెల్లగుడ్డు కనిపిస్తోంది, ఊరికే మూతి నాక్కుంటోంది. ఆయనేమో మురిసిపోతున్నారు: "ట్రైనింగ్ అయ్యేక ఎంత బుద్ధిగా ఉందో సూడండి మేడమ్! గుర్రుమనడం పూర్తిగా మానేసింది." గుర్రుమంటే ఆగమని చెప్పడం. దెబ్బలు తిని ఆ చెప్పడం మానేసింది, భయం మాత్రం ఎక్కడికీ పోలేదు. అలాంటి కుక్క ఇక చెప్పాపెట్టకుండా కరుస్తుంది, అదీ మొహం దగ్గర పెట్టే పిల్లల్ని. ఆ ట్రైనర్‌కి చెయ్యి తిరగలేదని కాదు. కుక్క ఒంటిని చదవడం ఎవరూ నేర్పలేదు.

మీ లాబ్రడార్‌ని తక్కువ చెయ్యను గానీ, బిస్కెట్ చూపిస్తే లెక్కలు కూడా చేసే జాతి అది. రేపు మీ దగ్గరకి వీధిలోంచి తెచ్చి పెంచుకుంటున్న దేశీ కుక్క వస్తుంది, మనిషి నీడ పడితే సోఫా కింద దూరుతుంది. ఈ ఉక్కపోతలో ఏసీ గదిలో బతికే హస్కీ వస్తుంది (ఎందుకు కొంటారో అడక్కండి). బీచ్ మీద నేవీ విన్యాసాల రిహార్సల్స్ జరిగే రోజుల్లో, దీపావళికి బెదరని కుక్కలు కూడా విమానాల హోరుకి వణికిపోతాయి. "సిట్, స్టే" అప్పుడు పనికిరావు. ఆ శబ్దాన్నే ఫోన్‌లో బాగా తగ్గించి వినిపిస్తూ, తిండి పెడుతూ, వారాల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. కొన్నిటికి మందులు కూడా కావాలి, వాటిని మాలాంటివాళ్ళ దగ్గరకి పంపెయ్యాలి. ఏ కుక్క మీ చేతిలో పని కాదో తెలియడానికే చదువు.

రెండు రోజుల కోర్సు దానికి చాలదు. అమెరికాలో సీపీడీటీ-కేఏ అని ఒక సర్టిఫికెట్ ఉంది. గత మూడేళ్ళలో కనీసం 300 గంటలు ట్రైనింగ్ ఇచ్చిన అనుభవం చూపిస్తేనే పరీక్ష రాయనిస్తారు. పాసైనా మూడేళ్ళకోసారి పునరుద్ధరించుకోవాలి. అక్కడా చట్టం అడగదు, ట్రైనర్లే ఇష్టపడి ఆ పరీక్ష రాస్తారు. మీరు దాన్ని ఇప్పుడే రాయమనను. ఏ కోర్సు తీసుకున్నా అందులో మీ చేత కుక్కల్ని పట్టించి, పక్కన నిలబడి తప్పులు చెప్పే మనిషి ఉన్నాడా అని మాత్రం చూసుకోండి. వీడియోలు చూసినందుకు ఇచ్చే కాగితానికి ఫ్రేమ్ ఖర్చు దండగ.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. వీక్లీ ఆఫ్ రోజుల్లో కొట్టకుండా నేర్పే సీనియర్ ట్రైనర్ వెంట తిరగండి, ఊరికే అయినా సరే. ఏదైనా క్లినిక్ వెయిటింగ్ హాల్లో, డాక్టర్‌ని అడిగి, ఓ పూట కూర్చుని కుక్కల్నే చూడండి. పొద్దున్నే బండ్లు ఆపేసే వేళ బీచ్ రోడ్డులో మీ లాబ్రడార్‌ని నడిపించండి. గొలుసు లాగకుండా, జాగింగ్ వాళ్ళనీ ముంత మసాలా బండినీ దాటగలిగితే, అప్పుడు ఇంకొకరి కుక్క దగ్గర ఫీజు అడగండి. ఆరు నెలలు నిండాకే ట్రైనింగ్ అనే మాట మీరు చెప్పొద్దు. మూడు నుంచి పద్నాలుగు వారాల మధ్యే కుక్కపిల్ల మనుషుల్నీ శబ్దాల్నీ అలవాటు చేసుకునేది.

ఒప్పుకున్న కుక్కకల్లా టీకా కార్డు ఫోటో తీసి పెట్టుకోండి. ఇదివరకు ఎవరినైనా కరిచిందా అన్నది ఓనర్ చేత రాయించుకుని సంతకం పెట్టించండి. మీరు కూడా ముందస్తు రేబీస్ టీకా వేయించుకోండి. మొదటి డోసు రోజుని 0 అనుకుంటే, రెండోది 7వ రోజున, మూడోది 21 లేదా 28వ రోజున. అది పూర్తయ్యేదాకా కొత్త కుక్కల్ని ఒప్పుకోకండి.