పోర్టు వెనక తీగ ఎటు పోతుందో చూడు

చిరంజీవి బుజ్జికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కాలేజీలో ఎవరో సీనియరు దగ్గర కళ్ళకు పెట్టుకుంటే బొమ్మలోకమంతా చుట్టూ కనిపించే వీఆర్ హెడ్‌సెట్టు, పాత ఓక్యులస్ రిఫ్ట్ ఎస్, కొన్నావనీ, అది నీ ల్యాప్‌టాప్‌కు కుదరడం లేదనీ, ఎలాగైనా కలిపి తీరతానని పట్టుబట్టావనీ మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. కోటిపల్లి రేవు ఫోటోలన్నీ తీసి, యూనిటీ అనే గేములు కట్టే సాఫ్ట్‌వేరులో ఆ మెట్లూ గోదావరీ కట్టి, మంచం దిగలేని అమ్మమ్మకు మళ్ళీ ఒకసారి రేవు చూపించాలన్నది నీ కోరిక అని కూడా చెప్పింది. ఆ మాట విన్నాక నాకు కాసేపు గొంతు పెగల్లేదు. ఆ వెంటనే ఇంకో మాట చెప్పింది: ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి, ఎవరో మార్చి ఇంటర్నెట్‌లో పెట్టిన బయాస్‌ను, అంటే యంత్రం లేచేటప్పుడు మొట్టమొదట నడిచే ప్రోగ్రామును, దాంట్లోకి ఎక్కించబోతున్నావట. ముప్ఫై ఏళ్ళు కంప్యూటర్లు బాగుచేసి బతికినవాణ్ణి కనుక, ఆ మాటతో నాకు నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే సగం వింటావని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నీకు తెలిసిన సంగతులు ఎక్కువ చెప్పను. గ్రాఫిక్స్ డ్రైవరు కొత్తది ఉండాలి. ఛార్జరు తగిలించే ఉంచాలి. ఒట్టి బ్యాటరీ మీద గ్రాఫిక్స్ చిప్పు పూర్తి వేగం అందుకోదు. యూఎస్‌బీ తీగను హబ్బుకు కాక నేరుగా 3.0 పోర్టుకే పెట్టాలి. అన్నిటికంటే ముందు, డిస్‌ప్లేపోర్టు (బొమ్మను తెరకు పంపే ఒక రకం పోర్టు) ఉన్న డెస్క్‌టాప్ ఏదైనా చూసి దానికి హెడ్‌సెట్టు తగిలించి, అది పనిచేస్తున్నదని రూఢి చేసుకో. వాడిన సరుకు, లోపల తీగ తెగి ఉంటే నువ్వు నీ ల్యాప్‌టాప్‌తో ఎంత పోరాడినా ఫలితం ఉండదు.

ఇక అసలు చిక్కు. 2019లో వచ్చిన ఆ హెడ్‌సెట్టు తీగ చివర రెండు మొనలు ఉంటాయి: ఒకటి డిస్‌ప్లేపోర్టు, రెండోది యూఎస్‌బీ 3.0. రెండూ కావాలి. కదలికల సమాచారమూ కరెంటూ యూఎస్‌బీ దారిన నడుస్తాయి, బొమ్మ మాత్రం డిస్‌ప్లేపోర్టు దారినే రావాలి. అదీ 2560 × 1440 చుక్కల బొమ్మ, సెకనుకు 80 సార్లు. నీ ల్యాప్‌టాప్‌కు ఉన్నది హెచ్‌డీఎంఐ పోర్టు, ఒక టైప్-సి పోర్టు. హెచ్‌డీఎంఐకీ డిస్‌ప్లేపోర్టుకీ మధ్య తేడా మొన ఆకారంలోనే కాదు, సంకేతంలోనే ఉంది. బజారులో చవగ్గా దొరికే కన్వర్టర్లలో ఎక్కువ భాగం కంప్యూటరు డిస్‌ప్లేపోర్టు నుంచి హెచ్‌డీఎంఐ టీవీకి పోయేవి. నీకు కావలసింది దానికి సరిగ్గా ఎదురు దారి. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి గానీ, ఒక దిక్కుకు చేసింది రెండో దిక్కుకు పనిచేయదు. ఆ ఎదురు దారికని విడిగా కరెంటు తీసుకునే కన్వర్టర్లు ఉన్న మాట నిజమే. అయితే అవి మామూలు మానిటర్ల కోసం చేసినవి, హెడ్‌సెట్టు వాటిని చాలా వరకు ఒప్పుకోదు. ఆ దారిలో డబ్బు పోయవద్దు.

మిగిలింది టైప్-సి. ఆ రంధ్రం బయటికి ఎప్పుడూ ఒకే కొలతలో ఉంటుంది, లోపల మాత్రం మూడు రకాలుగా ఉండవచ్చు. కేవలం డేటా, ఛార్జింగు మోసేది ఒకటి. బొమ్మ ఇస్తుంది కానీ ప్రాసెసర్‌లో కలిసి ఉన్న ఇంటెల్ గ్రాఫిక్స్ నుంచి ఇచ్చేది ఇంకొకటి. నీ ల్యాప్‌టాప్‌లో విడిగా ఉన్న పెద్ద ఎన్విడియా గ్రాఫిక్స్ చిప్పు నుంచే నేరుగా తీగ వచ్చేది మూడోది. నీకు పనికివచ్చేది ఆ మూడోది ఒక్కటే, ఎందుకంటే హెడ్‌సెట్టు నేరుగా పెద్ద గ్రాఫిక్స్ చిప్పుతోనే మాట్లాడాలంటుంది. పోర్టు పక్కన డీ, పీ కలిసినట్టున్న డిస్‌ప్లేపోర్టు గుర్తు గానీ, థండర్‌బోల్ట్ అనే మెరుపు గుర్తు గానీ ఉన్నదేమో చూడు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కరు మీది పూర్తి మోడల్ నంబరుతో తయారీదారు మాన్యువల్ వెతుకు. ఒకే పేరుతో అమ్మే ల్యాప్‌టాప్‌లలో కూడా నంబరు మారితే లోపలి తీగలు మారతాయి. ఆ తరువాత ఒక మామూలు మానిటరును ఆ పోర్టుకు తగిలించి, ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో సరౌండ్, ఫిజ్ఎక్స్ అని ఉండే పేజీ తెరువు. ఏ తెర ఏ చిప్పుకు వేలాడుతున్నదో అక్కడ బొమ్మ గీసి చూపిస్తుంది. మానిటరు ఎన్విడియా పేరు కింద కనిపిస్తే, మంచి టైప్-సి డిస్‌ప్లేపోర్టు కన్వర్టరు ఒకటి కొని ప్రయత్నించు. ఇంటెల్ కింద కనిపిస్తే, తయారీదారే ఇచ్చిన సెట్టింగుల్లో పెద్ద చిప్పుకు మార్చే వీలు ఉన్నదేమో చూడు. కొన్ని ల్యాప్‌టాప్‌లకు ఉంటుంది. తయారీదారు ఇచ్చిన సెట్టింగు మార్చడం వేరు, ఎవరో మార్చిన బయాస్ ఎక్కించడం వేరు. మొదటిది తప్పయితే వెనక్కి తిప్పుకోవచ్చు. రెండోది సగంలో ఆగితే యంత్రం మళ్ళీ లేవదు. లోపల లేని తీగను ఏ బయాస్ కూడా పుట్టించలేదు.

దీని మీద నేనింత గట్టిగా ఎందుకు మాట్లాడుతున్నానో నీకు తెలియాలి. మీ అమ్మ నీకీ సంగతి చెప్పి ఉండదు.

1995లో నేను కాకినాడలో ఒక చిన్న సర్వీసు షాపులో పనిచేసేవాణ్ణి. మెయిన్ రోడ్డు పక్కన ఒక కంప్యూటర్ ట్రైనింగు సెంటరు మా ఖాతాదారు. అక్కడ ఒక 486 మిషను పవర్ సప్లయి పోతే మార్చడానికి వెళ్ళాను. ఆ రోజుల్లో పవర్ సప్లయి నుంచి మదర్‌బోర్డుకు రెండు మొనలు పక్కపక్కనే వెళ్ళేవి, పి-8, పి-9 అని. ఒక్కోదానికి ఆరు తీగలు. రెండూ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. దీని చోట అది, దాని చోట ఇది చక్కగా కూర్చుంటాయి. నల్ల తీగలు నాలుగూ మధ్యలో ఒకదాని పక్కన ఒకటి రావాలి అన్నదొక్కటే గుర్తు. పని నేర్చుకున్న మొదటి రోజే నాకు నేర్పిన పాఠం అది. ఆ సాయంత్రం కరెంటు పోయింది. ఏడు గంటల బ్యాచ్ పిల్లలు బయట అరుగు మీద నిలబడి ఉన్నారు. యజమాని కొవ్వొత్తి పట్టుకుంటే, ఆ వెలుతురులో నేను మొనలు రెండూ నొక్కాను. రెండూ టక్కుమని కూర్చున్నాయి. ఆ చప్పుడు విని సరిపోయిందనుకున్నాను. కరెంటు రాగానే స్విచ్చి వేశాను. ఫ్యాను తిరగలేదు, బోర్డు మీద నుంచి కమురు వాసన మాత్రం వచ్చింది. నల్ల తీగలు రెండు చివరలా రెండు, రెండుగా కనిపిస్తున్నాయి.

ఆయన ఏమైందని అడిగితే, కరెంటు వచ్చేటప్పుడు వోల్టేజి ఎగదన్నిందని అబద్ధం చెప్పాను. ఆయన నమ్మి, ఇంత రాత్రి దాకా కష్టపడ్డానని నాకు టీ తెప్పించారు. ఆ టీ తాగలేకపోయాను, తల్లీ. మూడు రోజులు అన్నం సహించలేదు. నాలుగో రోజు మీ అమ్మ నిలదీస్తే చెప్పేశాను. అప్పుడు తను ఇంట్లో చిన్నపిల్లలకు ట్యూషన్లు చెప్పేది. బియ్యం డబ్బా వెనక స్టీలు గిన్నెలో దాచుకున్న డబ్బంతా తెచ్చి నా చేతిలో పెట్టి, నాతో పాటు ఆ సెంటరుకు వచ్చి బయట గుమ్మం దగ్గర నిలబడింది. నేను లోపలికి వెళ్ళి నిజం చెప్పి ఆ డబ్బు ఇచ్చాను. మిగతాది ఏడు నెలలు జీతంలోంచి తీర్చాను. మీ అమ్మ డబ్బు మాత్రం నేను ఎన్నిసార్లు ఇవ్వబోయినా పుచ్చుకోలేదు.

నీ ల్యాప్‌టాప్ కూడా అమ్మ చీటీ పాడిన డబ్బుతోనే కొన్నదని నాకు తెలుసు. తప్పు కన్వర్టరు పెడితే నేటి పోర్టులు సాధారణంగా కాలిపోవు, బొమ్మ రాదంతే. ఆ భయం నీకు వద్దు. మూత విప్పి, చదువుకు ఆధారమైన యంత్రంలోకి తెలియని ఫైలు ఎక్కించడం మాత్రం చేయనే చేయవద్దు. నీ తెలివి మీద నమ్మకం లేక ఈ మాట అనడం లేదు. నీ వయసులో నాకు ఉన్నదాని కంటే నీకు పని చాలా ఎక్కువ తెలుసు. తొందర మాత్రం మనిద్దరిదీ ఒకటే.

టైప్-సి దారి మూసుకుపోతే దిగులు పడకు. రిఫ్ట్ ఎస్‌ను అమ్మేసి, క్వెస్ట్ 2 లాంటిది చూడు. దానికి బొమ్మను మామూలు డేటా లాగా కుదించి యూఎస్‌బీలోనో వైఫైలోనో పంపవచ్చు కనుక, డిస్‌ప్లేపోర్టు ఊసే లేదు. వైఫై అయితే ల్యాప్‌టాప్‌ను ఈథర్‌నెట్ తీగతో రౌటరుకు కలిపి, హెడ్‌సెట్టును 5 గిగాహెర్ట్జ్ మీద పెట్టు. గ్రాఫిక్స్ చిప్పు బలం మాత్రం అప్పుడూ కావాలి. లేదా నీ రేవును కొంచెం తేలిక చేసి, ల్యాప్‌టాప్ లేకుండా హెడ్‌సెట్టులోనే నడిచేలా కట్టు. అమ్మమ్మ మంచం పక్కన తీగలు లేకపోవడం నాకు నిశ్చింత.

అమ్మమ్మకు చూపించే రోజు చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టు, నిలబెట్టవద్దు. బొమ్మ తడబడితే పెద్దవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి కనుక ముందు నువ్వు అరగంట పెట్టుకుని చూడు. రేవులో నడిపించకు, ఒక మెట్టు మీద కూర్చున్నట్టు ఉంచు. తల తిప్పి చూస్తే చాలు. మొదటిసారి రెండు నిమిషాలకు మించవద్దు. హెడ్‌సెట్టును కిటికీ దగ్గర ఎండలో పెట్టకు, కటకాల గుండా ఎండ పడితే లోపలి తెర మాడుతుంది.

శనివారం ఎవరి దగ్గరైనా మానిటరు అడిగి ఆ పోర్టుకు తగిలించి, ఎన్విడియా పేజీనీ, అడుగు స్టిక్కరునూ ఫోటో తీసి నాకు పంపు. ఆ రోజంతా ఇంట్లోనే ఉంటాను. అప్పటిదాకా స్క్రూడ్రైవరు ముట్టుకోకు.

ఇట్లు,
మీ మామయ్య