‘వేర్’తో మొదలైతే అడ్వర్బ్ క్లాజేనా?

ఇంగ్లిష్‌లో ‘వేర్’ (where)తో మొదలయ్యే క్లాజ్, అంటే పెద్ద వాక్యంలో ఇమిడిన చిన్న వాక్యం, కనిపిస్తే అది అడ్వర్బ్ క్లాజే కదా అని అడిగారు. కాదండీ. మొదటి మాట చూసి పేరు పెట్టేస్తే పరీక్షలో దెబ్బతింటారు. వాక్యంలో దాని పనేంటో చూడండి.

తిరుమల మెట్లు మొదలయ్యే మన అలిపిరినే తీసుకుందాం. ‘ఐ నో వేర్ ద స్టెప్స్ బిగిన్.’ ఏం తెలుసు? మెట్లు ఎక్కడ మొదలవుతాయో తెలుసు. అంటే ‘నో’ అనే క్రియకు ఆబ్జెక్ట్, కాబట్టి నౌన్ క్లాజ్. దాని బదులు ‘ఇట్’ పెట్టినా వాక్యం నిలబడుతుంది. ‘వెయిట్ వేర్ ద స్టెప్స్ బిగిన్’లో అయితే దాని బదులు ‘దేర్’ పడుతుంది. ఎక్కడ ఆగాలో చెబుతోంది కాబట్టి ఇది అడ్వర్బ్ క్లాజ్.

మనవాళ్లు తడబడేది ‘ద ప్లేస్ వేర్ ద స్టెప్స్ బిగిన్ ఈజ్ అలిపిరి’ దగ్గర. తెలుగులో ‘మెట్లు మొదలయ్యే చోటు’ అంటాం, వర్ణన ముందొస్తుంది. ఇంగ్లిష్‌లో అది ‘ప్లేస్’ తర్వాత వచ్చి, ఏ చోటో చెబుతుంది. అందుకే అడ్జెక్టివ్ క్లాజ్.