పరీక్ష పెట్టకుండా పిల్లల్ని తెలుసుకోవడం: కొత్త టీచరమ్మకు పెద్దమ్మ ఉత్తరం

విశాఖపట్నం

చిరంజీవి శిరీషకు పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి వెంటనే జవాబు చెప్పలేదు. రెండు మాటల్లో తేలే సంగతి కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. యూకేజీలో ముప్ఫైమంది పిల్లలు. స్కూలు వాళ్లిచ్చిన నాలుగు పేజీల చెక్‌లిస్టు, నెలకో యూనిట్ టెస్టు, టర్మ్ చివర ఇంటికి పంపాల్సిన ప్రోగ్రెస్ కార్డు. ఇన్నింటిలో దేన్ని నమ్మాలి, ఎవరికి ఏం వచ్చో దేన్నిబట్టి చెప్పాలి అని కదా అడిగావు.

ఒక్క మాట ముందు పట్టుకో. ఈ వయసు పిల్లల్ని మనం అంచనా వేసేది రేపు వాళ్లతో ఏం చెయ్యాలో తేల్చుకోవడానికి. చేతికి ఏ కాగితం వచ్చినా, "ఇది నింపితే రేపు నా తరగతిలో ఏం మారుతుంది?" అని అడుగు. ఏమీ మారదనిపిస్తే నింపి ఇచ్చెయ్, కానీ నీ మనసంతా దానిమీద పెట్టకు.

2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, పునాది దశది, మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల దాకా పిల్లల గురించి ఇదే చెబుతోంది. ఈ దశకు పరీక్షలు అసలు తగవని అందులో స్పష్టంగా ఉంది. పిల్లల్ని గమనించడం, వాళ్ల చేతిమీదుగా వచ్చిన పనిని పరిశీలించడం, ఈ రెండు దారులూ వాడమంది. మీ ప్రిన్సిపాల్ గారితో మాట్లాడే సందర్భం వస్తే ఆ పేజీ ప్రింటు తీసి చూపించు. వాదన పెట్టుకోవద్దు, చూపిస్తే చాలు.

నన్నడిగితే అన్నిటికన్నా గట్టి సాధనం పరిశీలన పుస్తకం. ట్రైనింగుల్లో అనెక్‌డోటల్ రికార్డు అంటారు. జేబులో పట్టే చిన్న నోటుబుక్కు కొను. ఒక్కో పిల్లకి రెండేసి పేజీలు కేటాయించు. రోజుకి ముగ్గురిని మాత్రం ఎంచుకుని, వాళ్లు చేసింది, అన్నది రెండు మూడు వాక్యాల్లో రాయి. ముప్ఫైమందీ పది పనిదినాల్లో ఒక చుట్టు వచ్చేస్తారు. అందరినీ రోజూ రాయాలని కూర్చుంటే మూడో రోజుకే వదిలేస్తావు.

ఎలా రాయాలన్నదే అసలు విద్య. "చరణ్ అల్లరి, ఏకాగ్రత లేదు, మాట వినడు" అని రాస్తే అది చరణ్ గురించి కాదు, ఆ పూట నీకున్న చిరాకు గురించి. అదే ఇలా రాసి చూడు: "జులై 8, ఉదయం, బ్లాకుల దగ్గర. చరణ్ పదకొండు బ్లాకులు నిలువుగా పేర్చాడు. కూలింది. ఈసారి అడుగున వెడల్పుది పెట్టి మళ్లీ మొదలెట్టాడు. కథకు పిలిస్తే రాలేదు. మూడోసారి పిలిస్తే 'ఇది అయ్యాక వస్తా' అన్నాడు." అదే పిల్లాడు, అదే పావుగంట. ఏకాగ్రత లేదన్న పిల్లాడిలో ఎంత ఏకాగ్రత ఉందో చూడు! పైగా కూలినదాన్నిబట్టి కారణం వెతుక్కుని మార్చుకున్నాడు. ఆట మధ్యలో లాక్కొస్తే రాడని, ఐదు నిమిషాల ముందు చెప్పి ఉంచాలని నీకు తెలిసింది. కాబట్టి కళ్లకు కనబడ్డది, చెవులకు వినబడ్డది ముందు రాయి. నీకేమనిపించిందో కింద గీత గీసి విడిగా రాయి. ఈ రెండూ కలిపావా, నెల తర్వాత చదువుకుంటే నీ అభిప్రాయం తప్ప పిల్ల కనిపించదు.

తారీఖు, చోటు, పక్కన ఎవరున్నారు అన్నవి మానకు. పలక ముందర కూర్చున్నప్పుడే చూడాలని కూడా లేదు. భోజనం బాక్సు మూత ఎవరు సొంతంగా తీసుకుంటారు, చెప్పుల జత ఎవరు సరిగ్గా తొడుక్కుంటారు, ఉయ్యాల దగ్గర వంతు కోసం ఎవరు ఆగగలరు, పడ్డవాడి దగ్గరికి ఎవరు పరిగెడతారు, ఇవన్నీ ఎదుగుదల లెక్కలోకే వస్తాయి. రెండు వారాలయ్యాక పుస్తకం తిరగేసి, ఎవరి పేజీలు ఖాళీగా ఉన్నాయో చూడు. గొడవ చేసేవాళ్లవీ, ముందుకొచ్చి జవాబు చెప్పేవాళ్లవీ నిండిపోతాయి. మాట్లాడకుండా మూల కూర్చునే నలుగురైదుగురివి ఖాళీగా ఉంటాయి. మర్నాడు మొదలు వాళ్లతోనే.

లెక్కల సంగతికొద్దాం. నూరుదాకా గడగడా అప్పజెప్పే పిల్లని చూసి ఇంట్లోవాళ్లు మురిసిపోతారు. నువ్వు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని ఎనిమిది చింతగింజలు వరసగా పెట్టి లెక్కపెట్టమను. కొందరు ఒక గింజను రెండుసార్లు తాకుతారు, ఇంకోదాన్ని దాటేస్తారు. ఒక్కో గింజకి ఒక్కో అంకె అన్నది వాళ్లకింకా కుదరలేదు. సరిగ్గా లెక్కపెట్టిన పిల్లని, "అయితే మొత్తం ఎన్ని?" అని మళ్లీ అడుగు. టక్కున ఎనిమిది అంటే చివర పలికిన అంకే మొత్తమని తెలిసినట్టు. మళ్లీ ఒకటి నుంచి మొదలెడితే ఇంకా తెలియనట్టు. తర్వాత గుప్పెడు గింజలు ముందర పోసి "నాకు ఐదు ఇవ్వు" అను. ఐదు దగ్గర ఆగుతుందా, చేతికందినన్ని పోసేస్తుందా చూడు. చివరగా వరసలో గింజల్ని ఎడంగా జరిపి, "ఇప్పుడు ఎక్కువయ్యాయా, అన్నే ఉన్నాయా?" అని అడుగు. ఐదేళ్లవాళ్లలో చాలామంది ఎక్కువయ్యాయంటారు. దిద్దబోకు. ఆ వయసు ఆలోచన అలాగే ఉంటుంది, రాసుకుని ఊరుకో.

ఇదంతా ఐదు నిమిషాల పని. కాగితం మీద "8" పక్కన ఎనిమిది బంతులకు రంగు వేయించే వర్క్‌షీటు ఇందులో సగం కూడా చెప్పదు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలిస్తే రేపటి పని తేలికవుతుంది. గింజని రెండుసార్లు తాకే పిల్లకి, లెక్కపెట్టిన గింజని పక్కకి జరపడం నేర్పితే చాలు. మళ్లీ నూరుదాకా వల్లెవేయిస్తే ఏం ఉపయోగం?

భాష దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మీ స్కూలు పెదవాల్తేరులో ఉంది కాబట్టి జాలారిపేట నుంచి చేపలు పట్టేవాళ్ల పిల్లలూ వస్తారు, ఎం.వి.పి. కాలనీ పిల్లలూ వస్తారు. చెక్‌లిస్టులో "జరిగిన సంగతిని వరసగా చెప్పగలదు" అని ఒక గడి ఉంటుంది. ఒక పిల్ల వచ్చి, "మా అయ్య ఏటకెళ్లినాడు, పెద్ద వంజరం పడ్డాది, అమ్మ మార్కెట్లో అమ్మీసింది" అంటే ఆ గడిలో ధైర్యంగా టిక్కు పెట్టు. మూడు సంగతులు వరస తప్పకుండా చెప్పింది, ఎవరు ఏం చేశారో చెప్పింది. మాట యాసలో ఉందనో, ఇంగ్లిషులో చెప్పలేదనో మార్కు తగ్గిస్తే ఆ పిల్లకి ఉన్న తెలివిని లేదని రాసినవాళ్లమవుతాం. అదే పిల్ల చందువా, కవళ్లు, నెత్తళ్లు లాంటి చేపల్ని వేరు చేసి పేరుపేరునా చెప్పగలదేమో అడిగి చూడు. రకాలుగా విడదీయడం వచ్చా రాదా అన్నదానికి రంగుల పూసలే అక్కర్లేదు. ఇంగ్లిషు ఎంత వచ్చిందో విడిగా రాసుకో. ఆలోచన ఎంత ఎదిగిందో తెలియాలంటే ఇంట్లో మాట్లాడే మాటలోనే అడగాలి.

ఇప్పుడు ఆ నాలుగు పేజీల చెక్‌లిస్టు. అది పనికిరాదని నేననను. మన కళ్లు దాటిపోయేవాటిని గుర్తు చేస్తుంది: కత్తెర పట్టుకోవడం, ఒంటికాలి మీద గెంతడం, బొత్తాలు పెట్టుకోవడం. కానీ శుక్రవారం సాయంత్రం కూర్చుని ముప్ఫైమందికీ ఒకే ఊపులో టిక్కులు పెట్టొద్దు. పరిశీలన పుస్తకంలో ఆధారం ఉన్నదానికే టిక్కు. "వచ్చు", "రాదు" మధ్యలో "సాయం చేస్తే వచ్చు" అని ఒక గడి నువ్వే గీసుకో. నా అనుభవంలో బోధనకి అన్నిటికన్నా పనికొచ్చేది ఆ గడే. ఇవాళ చెయ్యి పట్టుకుంటే చేసేది కొన్నాళ్లకు తనంతట తాను చేస్తుంది.

వయసుల విషయంలో పట్టుబట్టకు. సున్నా చూసి దించడం మూడేళ్లకి, కూడిక గుర్తు నాలుగేళ్లకి, చతురస్రం నాలుగు దాటాక, త్రిభుజం ఐదుకి దగ్గరలో వస్తాయని చెబుతారు. అది సుమారు లెక్క. జూన్‌లో నీ తరగతిలో పెద్దపిల్లకీ చిన్నపిల్లకీ మధ్య దాదాపు ఏడాది తేడా ఉండొచ్చు. ఐదేళ్ల ప్రాయంలో ఏడాదంటే చాలా ఎక్కువ. ఎవరి పుట్టిన తేదీ వాళ్ల పేజీ పైన రాసి పెట్టుకో.

పోర్ట్‌ఫోలియో గురించి నువ్వు అడగలేదు కానీ చెబుతాను. ఒక్కొక్కరికి ఒక ఫైలు పెట్టు. ఏడాదికి మూడుసార్లు, జూన్‌లో, నవంబరులో, మార్చిలో, ఒకే పని ఇవ్వు: "నీ బొమ్మ నువ్వే గియ్యి." వెనక తారీఖు వేసి, పిల్ల ఆ బొమ్మ గురించి చెప్పిన మాటలు ఉన్నదున్నట్టు రాయి. తలలోంచి నేరుగా కాళ్లు మొలిచిన మనిషి మార్చికల్లా మెడ, చేతులు, ఐదేసి వేళ్లు తెచ్చుకుంటాడు. ఆ మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే ఏ తల్లికీ ర్యాంకు అడగాలనిపించదు. అందంగా వచ్చినవే దాచకు, గోడకి అంటించేవి వేరు, ఫైల్లో పెట్టేవి వేరు. నువ్వు చెయ్యి పెట్టి దిద్దిన బొమ్మ ఫైల్లో అసలు వద్దు.

రెండో తరగతి ఇస్తారేమో అన్నావు. అక్కడ చదివించి వినడం ముఖ్యం. చిన్న తరగతుల పిల్లలకి చదవడం, లెక్కలు గట్టిగా రావాలని కేంద్రం 2021లో మొదలెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం, రెండో తరగతి చివరికి నిమిషానికి 45 నుంచి 60 పదాలు అర్థం చేసుకుంటూ చదవాలని లక్ష్యం పెట్టింది. మన తెలుగులో "వెళ్లిపోతున్నారు" ఒకటే పదం, అందుకని అంకె ఒక్కటే పట్టుకుని పిల్లల్ని తొందరపెట్టొద్దు. పిల్ల చదువుతుంటే నీ దగ్గర అదే పాఠం ఇంకో కాగితం ఉంచుకుని, సరిగ్గా చదివిన మాటకి టిక్కు, తప్పిన మాట దగ్గర పిల్ల ఏమని చదివిందో అదే రాయి. తర్వాత చూసుకుంటే వరస తెలుస్తుంది: ఒకడు దీర్ఘాలు మింగుతాడు, ఒకతె వత్తు కనబడితే వదిలేస్తుంది, ఇంకొకడు మొదటి అక్షరం చూసి మిగతాది ఊహిస్తాడు. ముగ్గురికీ మార్కులు ఒకటే రావచ్చు, చెయ్యాల్సిన పని మాత్రం మూడు రకాలు.

ఇక అన్నిటికంటే నువ్వు నెమ్మదిగా చదవాల్సింది ఇది. పిలిస్తే పలకదు, చెప్పింది చెయ్యదు అన్న పిల్లని మందమతి అని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. ముందు చెవి, కన్ను సరిగ్గా ఉన్నాయా చూడాలి. వెనకనుంచి మెల్లగా పిలిచి చూడు. బోర్డు చూడటానికి కళ్లు చికిలిస్తోందా, టీవీకి మరీ దగ్గరగా కూర్చుంటోందా అని ఇంట్లో అడుగు. అనుమానం ఉందేమో పైపైన చూసే స్క్రీనింగు వేరు, డాక్టరు చేసే నిర్ధారణ వేరు. ఆరేళ్ల లోపు పిల్లలకి ఏ వయసుకి ఏం రావాలో చూపే చార్టు తిరువనంతపురం బాల వికాస కేంద్రం వాళ్లు చేసింది ఉంది. పిల్ల వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెడితే, దానికి ఎడమవైపున్న వాటిలో ఏదైనా రాకపోతే డాక్టరుకి చూపించమని అర్థం. అంతవరకే మన పని. 2013 నుంచి నడుస్తున్న రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు, అంటే పిల్లల ఆరోగ్యం చూసే ప్రభుత్వ బృందాలు, అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, ప్రభుత్వ బడులకు ఒకసారి వెళ్లాలి. మీది ప్రైవేటు స్కూలు కాబట్టి నువ్వే తల్లిదండ్రులకు చెప్పి పంపించాలి. జబ్బు పేరు మాత్రం నీ నోట రాకూడదు. "ఈ మూడు వారాల్లో నేను ఇవి చూశానండీ, ఒకసారి పిల్లల డాక్టరుకి చూపించండి" అని పుస్తకంలో రాసుకున్నది చదివి వినిపించు. ఆలస్యం చేయకు, భయపెట్టకు.

పేరెంట్స్ మీటింగులో ముందు నువ్వు అడుగు, తర్వాత చెప్పు. బళ్లో నోరు విప్పని పిల్ల ఇంట్లో తాతయ్యకి రోజంతా కబుర్లు చెబుతూ ఉండొచ్చు, అది కూడా నీ పుస్తకంలోకి ఎక్కాలి. కార్డులో "గుడ్", "ఇంప్రూవ్ అవ్వాలి" లాంటివి రాసి ఊరుకోకు. చేయగలిగింది ఒకటి, ఇప్పుడు నేర్చుకుంటున్నది ఒకటి, ఇంట్లో చేయించదగ్గది ఒకటి రాయి. పక్కింటి పిల్లతో పోలిక అడిగితే ఫైలు తెరిచి జూన్ నాటి బొమ్మ చూపించు.

యూనిట్ టెస్టు మానెయ్యడం నీ చేతిలో లేదని తెలుసు. ఆ ప్రశ్నలే ఒక్కొక్కరిని పక్కన కూర్చోబెట్టుకుని నోటితో అడుగు, జవాబు తప్పితే "ఎలా అనుకున్నావు నాన్నా?" అని ఇంకో ప్రశ్న వెయ్యి. మార్కు కాగితం ఆఫీసుకి ఇచ్చెయ్, పిల్లలు చెప్పిన జవాబులు నీ పుస్తకంలో ఉంచుకో.

దసరా సెలవులకి మీ అమ్మతో కలిసి వచ్చేటప్పుడు ఆ పుస్తకం తీసుకురా. ఖాళీ పేజీలవాళ్ల గురించి కూర్చుని మాట్లాడుకుందాం.

మీ పెద్దమ్మ